క్లాసయ్యాక ప్రొఫెసర్లు ఏం చేస్తారు? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల యూనివర్సిటీ ఉద్యోగాల గురించి ఏదో రెండు ముక్కలు రాశానో లేదో, ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజులు అన్నీ రీసెర్చ్ మీదే. అన్నిటికీ రాయాలంటే పత్రిక మొత్తం నాకే ఇవ్వాలి, అందుకని ఏడు తీసుకున్నా. ముందే చెప్తున్నా, నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. కెమిస్ట్రీ వాళ్ల సంగతులు పక్క బిల్డింగ్ కాబట్టి తెలుసు, ఫిజిక్స్ వాళ్లవి క్యాంటీన్ పుణ్యమా అని తెలుసు. సొంత సబ్జెక్ట్ వచ్చినప్పుడు కాస్త ఎక్కువ మాట్లాడేస్తే ఏమనుకోకండి.

మేడమ్ గారూ నమస్తే. మా అమ్మాయి యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్, కెమిస్ట్రీ. వారానికి 16 గంటలే క్లాసులట. మిగతా టైమంతా ఏం చేస్తావే అంటే రీసెర్చ్ అమ్మా అంటుంది. సంక్రాంతికి కూడా రెండ్రోజులుండి ల్యాబ్ ఉందని వెళ్లిపోయింది. మా వీధిలో హైస్కూల్ టీచరమ్మాయి అంతకన్నా ఎక్కువ క్లాసులు చెప్తుంది, పండక్కి వారం ఉంటుంది. అసలు రీసెర్చ్ అంటే ఏం చేస్తారండీ, కూర్చుని ఆలోచిస్తే జీతం ఇస్తారా? – ఓ తల్లి, తణుకు

అమ్మా, ఆ 16 గంటలు యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ వేసిన లెక్క, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 16, అసోసియేట్ ప్రొఫెసర్‌కీ ప్రొఫెసర్‌కీ 14. కానీ అది క్లాసులో నిలబడే టైం మాత్రమే. వంటంటే పొయ్యి మీద గిన్నె ఉన్నంతసేపే అని ఎవరైనా మీతో అంటే మీరు ఊరుకుంటారా, కూరలు తరగడం, పప్పు నానబెట్టడం, అంట్లు, ఇవన్నీ ఎవరి ఖాతాలో వేస్తారు? ఇదీ అంతే.

మీ అమ్మాయి సంక్రాంతికి ఎందుకు పరిగెత్తిందో నేను ఊహించగలను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో రియాక్షన్ పెడితే దానికి పండగ తెలీదు. అయిపోయాక అందులో ఉన్న నాలుగైదు పదార్థాల్ని విడదీయడానికి గాజు గొట్టంలో సిలికా పొడి నింపి పైనుంచి ద్రావకం పోస్తూ చుక్క చుక్కా పట్టుకుంటూ కూర్చోవాలి, వాళ్ల భాషలో కాలమ్ వెయ్యడం అంటారు, ఒక్కోసారి రోజంతా. తర్వాత అది మనం అనుకున్న పదార్థమేనా అని చూడ్డానికి ఎన్ఎంఆర్ మెషిన్ దగ్గర స్లాట్ దొరకాలి, ఆ మెషిన్ ఒకటే ఉంటుంది, క్యూలో పిల్లలు పదిమంది ఉంటారు, పండగరోజుల్లో అయితే ఖాళీగా ఉంటుంది, ఇప్పుడర్థమైందా.

ఆ చుక్క చుక్కా పట్టుకోవడంలో ఏముంటుందో ఓ పాత కథ చెప్తా, మన ఊళ్ల కథే. 1933లో టి.ఆర్. శేషాద్రి గారని ఓ కెమిస్ట్ వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు, 1949లో ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్లేదాకా ఇక్కడే. పెద్ద మెషిన్లు లేవు, ఇప్పటి ఎన్ఎంఆర్ అప్పటికి పుట్టనే లేదు. ఆయనా ఆయన స్టూడెంట్లూ పట్టుకున్నదేంటంటే మన చుట్టూ పూసే పూలు. పత్తి పూలు, గోంగూర జాతి పూలు ఎండబెట్టి, మరిగించి, అందులో పసుపు రంగునిచ్చే పదార్థాల్ని విడదీసి వాటి నిర్మాణం తేల్చేవాళ్లు. గోంగూర జాతి పూలల్లోంచి వచ్చిన ఒకదాని పేరు హిబిసెటిన్. యుద్ధం టైంలో యూనివర్సిటీని కొన్నాళ్లు గుంటూరు తరలించేసినా రీసెర్చ్ పేపర్లు ఆగలేదు. 1960లో ఆయనకి లండన్ రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. గోంగూరలో పచ్చడి తప్ప ఇంకేం లేదనుకునే మనకి ఆ పూలల్లో అంత సంగతుందని చెప్పినాయన.

ఇక మిగతా టైం ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి మీకు చెప్పి ఉండదు. ప్రాజెక్ట్ డబ్బుల కోసం ముప్పై నలభై పేజీల అప్లికేషన్ రాయాలి, వస్తే ఒక గాజు ఫ్లాస్క్ కొనాలన్నా ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, మూడు కొటేషన్లు, ఆడిట్ అబ్జెక్షన్. ఇంకో యూనివర్సిటీ పంపిన రెండొందల పేజీల థీసిస్ చదివి రిపోర్ట్ ఇవ్వాలి. యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లొస్తున్నారంటే ఆర్నెల్లు ఫైళ్లే ఫైళ్లు, నా సర్వీసులో మూడు న్యాక్‌లు చూశాను, ఆ ఫైళ్ల మీద పెట్టిన టైములో ఒక పుస్తకం రాసేదాన్ని.

కూర్చుని ఆలోచిస్తే జీతమిస్తారా అన్నారు కదా, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లో అయితే ఇస్తారండీ, అక్షరాలా అదే పని. కాగితం, పెన్ను, బోర్డు, ఓ చెత్తబుట్ట. చెత్తబుట్ట మటుకు పెద్దది కావాలి.

సి.ఆర్. రావు గారికి 102 ఏళ్ల వయసులో పెద్ద ప్రైజ్ వచ్చిందని చదివాను, అదీ ఆయన పాతికేళ్లప్పుడు చేసిన పనికట. నేను కామర్స్ చదివాను, లెక్కలంటే భయం లేదు కానీ ఫార్ములాలొద్దు. అసలాయన కనిపెట్టింది ఏంటో మామూలు మాటల్లో చెప్పగలరా? – బ్యాంక్ ఉద్యోగి, విజయనగరం

ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్నానండి. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో హడగలిలో పుట్టారు, ఇప్పుడది కర్ణాటకలో ఉంది, తెలుగు కుటుంబం. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేసి ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లారు, ఆ ఉద్యోగం రాలేదు గానీ అక్కడ మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉందని తెలిసింది, 1941లో చేరిపోయారు. తర్వాత కలకత్తా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠాలు కూడా చెప్పేవారు. ఓ రోజు క్లాసులో, పెద్ద పెద్ద శాంపిళ్లకి ఇంగ్లండ్ స్టాటిస్టిషియన్ ఫిషర్ చెప్పిన ఒక ఫలితం గురించి చెప్తుంటే ఒక స్టూడెంట్ లేచి, సార్, శాంపిల్ చిన్నదైతే కూడా ఇలాంటిదేమన్నా చెప్పొచ్చా అనడిగాడు. ఆ స్టూడెంట్ తర్వాత పేరున్న ఎకనామిస్ట్ అయిన వి.ఎం. దాండేకర్. సార్ దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి మర్నాడు వచ్చి చెప్పారు. తణుకు అమ్మగారూ ఇది మీరూ చదవండి, పాఠం చెప్పడం వేరు రీసెర్చ్ వేరు అనుకోకండి, కొన్నిసార్లు ప్రశ్న క్లాసులోంచే వస్తుంది.

ఇప్పుడు విషయం. అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, అదే స్టాటిస్టిక్స్, మొత్తం చూడకుండా కొంచెం చూసి మొత్తం గురించి చెప్పడం. అన్నం అయితే ఒక మెతుకు చాలు, ఎందుకంటే గిన్నెలో అన్నీ ఒకలాగే ఉడుకుతాయి. మనుషులో పంటలో ఓట్లో అయితే ఒక్కటి చాలదు, ఎన్ని చూస్తే ఎంత కరెక్ట్‌గా చెప్పగలం అన్నది ప్రశ్న. ఒక రూపాయి బిళ్ల తీసుకోండి, అది బొమ్మ ఎన్నిసార్లు పడే రకమో తెలీదు, 100 సార్లు ఎగరేసి లెక్కపెట్టారు. నిజంగా సగంసార్లు బొమ్మ పడే బిళ్లయితే, మీ లెక్క అటూ ఇటూ మామూలుగా 5 శాతం తేడా పడుతుంది. నేను మీకన్నా తెలివైనదాన్ని, ఏదో కొత్త ఫార్ములాతో అదే 100 ఎగరేతల్లోంచి 2 శాతం తేడాతో చెప్తాను అంటే? కుదరదు, అని రుజువు చేశారు రావు గారు. అంటే ఇన్ని చూస్తే తేడా ఇంతకన్నా తగ్గదు అని అడుగున ఒక గీత గీశారు, పక్షపాతం లేని, అంటే సగటున అటో ఇటో ఒరిగిపోని, ఏ పద్ధతి అయినా సరే ఆ గీత కిందికి పోలేదు. తేడాని సగం చేయాలంటే రెట్టింపు చాలదు, 400 సార్లు ఎగరెయ్యాలి. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామెర్ కూడా విడిగా దీన్ని చెప్పారు కాబట్టి క్రామెర్–రావు గీత అనండి, మా క్లాసుల్లో క్రామెర్–రావు బౌండ్ అంటాం.

అదే పేపర్‌లో ఇంకోటుంది, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. బిళ్ల వంద సార్లు ఎగరేసి, ఒక బద్ధకస్తుడు మొదటి ఎగరేత మాత్రమే చూసి చెప్పాడనుకోండి, బొమ్మ పడితే 100 శాతం, లేకపోతే సున్నా. తిక్క అంచనానే, కానీ పక్షపాతం లేదు. ఈ తిక్క అంచనాని తీసుకుని, మొత్తం బొమ్మలెన్ని అన్న సమాచారాన్ని దానికి జోడించి సగటు తీస్తే అది తనంతట తనే బొమ్మలు భాగించు వంద అనే మంచి అంచనాగా మారిపోతుంది. పనికిమాలిన అంచనాని పనికొచ్చేదిగా మార్చే మిషన్ అన్నమాట. రెండేళ్లకి అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ కూడా విడిగా చెప్పారు, అందుకే రావు–బ్లాక్‌వెల్.

ఈ పేపర్ 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది, ఏ లండన్ జర్నల్‌లోనో కాదు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, 80 వేల డాలర్లు, అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు. పేపరుకీ ప్రైజుకీ మధ్య 78 ఏళ్లు. ఈలోగా రాడార్ వాళ్లు, సిగ్నల్ ప్రాసెసింగ్ వాళ్లు, మెడికల్ స్కానింగ్ వాళ్లు అందరూ ఆ గీతని వాడేసుకుంటున్నారు, వాళ్లలో చాలామందికి రావు అంటే మన రావేనని తెలీదు.

మేడమ్, నేను పీహెచ్‌డీ మూడో సంవత్సరం, ఫిజిక్స్. మూడేండ్ల కష్టం ఒక పేపర్ అయింది. గైడ్ సార్ పేరు చివర పెట్టిన. ఇప్పుడు సార్ ఏమంటున్నడంటే ఇంకో ఇద్దరి పేర్లు కూడా కలుపు అంటున్నడు, అందులో ఒకాయన మా ల్యాబ్ ముఖం కూడా చూడలే. ఏం చెయ్యాల్నో సమజైతలేదు, జర చెప్పుండ్రి. – రీసెర్చ్ స్కాలర్, కరీంనగర్ జిల్లా

తమ్ముడూ, ముందు పేర్ల వరస సంగతి మన మిగతా పాఠకులకి చెప్తా, లేకపోతే నీ బాధ ఎవరికీ అర్థం కాదు. ల్యాబ్ సబ్జెక్టుల్లో మొదటి పేరు చేతులతో పని చేసినోళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపే గైడ్‌ది, మధ్యలోవి సాయం చేసినోళ్లవి. మ్యాథ్స్‌లో ఆ గొడవే లేదు, అక్షరక్రమంలో పెట్టేస్తారు, దానివల్ల ఇంగ్లీషులో మొదటి అక్షరం ‘ఎ’ (A)తో పేరు మొదలైనవాడు అన్నిటిలోనూ ముందుంటాడు, జెడ్ వాడు పాపం జీవితమంతా చివరే. పార్టికల్ ఫిజిక్స్ సంగతైతే అడగొద్దు, 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం బరువు గురించి యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో రెండు టీములు కలిసి వేసిన పేపర్‌కి 5,154 మంది రచయితలు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్ల జాబితానే. మన పెళ్లి కార్డుల్లో బంధువుల పేర్లు నయం.

కానీ ఆ 5,154 మందీ ఏదో ఒక పని చేసినవాళ్లు, డిటెక్టర్ కట్టినవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు. నీ కేసు వేరు. పని చెయ్యని మనిషి పేరు పెట్టడాన్ని గిఫ్ట్ ఆథర్‌షిప్ అంటారు, ప్రపంచంలో ఏ మంచి జర్నలూ ఒప్పుకోదు. ఇప్పుడు చాలా జర్నల్స్ సబ్మిట్ చేసేటప్పుడు ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయమంటాయి. అదే నీకు దారి. సార్‌తో గొడవ పెట్టుకోకు, ఇంకా థీసిస్ మీద ఆయన సంతకం కావాలి నీకు, ప్రిన్సిపుల్ మాటలు చెప్పి నిన్ను బలిచేయడం నాకిష్టం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, సార్, జర్నల్ వాళ్లు ఒక్కొక్కరి కాంట్రిబ్యూషన్ అడుగుతున్నారు, ఈ ఇద్దరి దగ్గర ఏం రాయమంటారు అని మెల్లగా అడుగు. నూటికి తొంభైమంది అక్కడే వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే రాతలో పెట్టాలంటే వాళ్లకీ సిగ్గే. ఒకాయన నిజంగానే శాంపిలో మెషిన్ టైమో ఇచ్చి ఉంటే చివర్లో థాంక్స్ చెప్పే పేరా ఉంటుంది కదా, అక్కడ గౌరవంగా పెట్టు. అప్పటికీ వినకపోతే నీ మొదటి స్థానం మటుకు పోకుండా చూసుకో, ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీలతో సహా అన్నీ ఉంచుకో.

నా మొదటి పేపర్‌లో కూడా ఇలాంటి పేరు ఒకటుంది. ఆయన ఎవరో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు, సైటేషన్లు (వేరేవాళ్లు మా పేపర్‌ని ప్రస్తావించిన లెక్క) మటుకు ఆయనకీ నాకూ సమానంగా వస్తున్నాయి.

అక్కా, మా బావగారి అబ్బాయికి ఏదో ఇంటర్నేషనల్ జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది, గ్రేటింగ్స్ ఆఫ్ ది డే అని మొదలుపెట్టి 5 రోజుల్లో పబ్లిష్ చేస్తాం 3,500 కట్టండి అని. వాడు ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ పంపించేస్తా అంటున్నాడు. పంపొచ్చా? – గృహిణి, హైదరాబాద్

వద్దమ్మా. ఆ పైసలతో వాడికి రెండు జతల బట్టలు కొనండి.

ఎందుకో చెప్తా. నిజమైన జర్నల్‌కి పేపర్ పంపితే ఎడిటర్ దాన్ని అదే సబ్జెక్టులో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతాడు, రెఫరీలంటారు, వాళ్లెవరో రాసినవాడికి చెప్పరు. వాళ్లు లైను లైనూ చదివి ఇది తప్పు, ఇది చాలదు, ఇది ఫలానావాళ్లు ఎప్పుడో చేశారు అని రాస్తారు, దీనికి వాళ్లకి దమ్మిడీ ఇవ్వరు. ఇది నెలలు పడుతుంది, మ్యాథ్స్‌లో అయితే ఏడాది రెండేళ్లు కూడా మామూలే. 5 రోజుల్లో అవ్వదు, 5 రోజుల్లో అయ్యేది డబ్బు ట్రాన్స్‌ఫర్ ఒక్కటే.

రెఫరీలంటే పెద్దవాళ్లకీ ఒళ్లు మండుతుంది లెండి. 1936లో ఐన్‌స్టైన్, రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు అసలు లేవని ఒక పేపర్ రాసి ఫిజికల్ రివ్యూకి పంపాడు. ఎడిటర్ రెఫరీకి పంపితే రెఫరీ తప్పు పట్టుకుని పది పేజీల రిపోర్ట్ ఇచ్చాడు. ఐన్‌స్టైన్‌కి కోపం వచ్చింది, అచ్చెయ్యమని పంపాను గానీ వేరేవాళ్లకి చూపించమన్నానా అని పేపర్ వెనక్కి తీసేసుకుని ఇంకో జర్నల్‌కి ఇచ్చాడు. తీరా ఆ జర్నల్‌లో అచ్చయ్యేలోపు ఆయనకే తప్పు తెలిసి మార్చుకున్నాడు, రెఫరీ చెప్పిందే నిజం. ఆ గురుత్వ తరంగాలనే 2015లో అమెరికాలోని లైగో ప్రయోగం వాళ్లు పట్టుకున్నారు. ఆ రెఫరీ హోవార్డ్ రాబర్ట్‌సన్ అని చాలా దశాబ్దాల తర్వాత గానీ బయటికి రాలేదు.

మరి మన దగ్గర ఇలాంటి డబ్బు జర్నల్స్ ఎందుకు పుట్టాయంటే, రూల్స్ వల్ల. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ ఉండాలి, ప్రమోషన్‌కి ఇన్ని పేపర్లు ఉండాలి అని లెక్కపెట్టారు, లెక్క ఉన్నచోట కాకి లెక్క కూడా వస్తుంది. 2022 రూల్స్‌లో యూజీసీ థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది, అయినా చాలా యూనివర్సిటీలు సొంతంగా అడుగుతూనే ఉన్నాయి. ఎవరికెన్ని పేపర్లున్నాయని కాకుండా హెచ్-ఇండెక్స్ చూడమంటారు ఇంకొందరు, 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క అది, ఒక మనిషివి 20 పేపర్లు ఒక్కోటి కనీసం 20 సార్లు వేరేవాళ్లు ప్రస్తావించి ఉంటే హెచ్ 20. నయమే, కానీ దాన్ని కూడా మావాళ్లు ఒకరినొకరు ప్రస్తావించుకుని పెంచేసుకుంటున్నారు, చీటీపాట లాగా.

మీ అబ్బాయికి రాసే ఉత్సాహం ఉంది కదా, దాన్ని పోగొట్టకండి. వాళ్ల ప్రాజెక్ట్ గైడ్‌కి చూపించి, ఇది పేపర్ అయ్యే సరుకేనా అని అడగమనండి. ఈలోగా చదవమనండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని కేంద్రం పెట్టింది, 30 మంది పబ్లిషర్ల 13 వేలకి పైగా జర్నల్స్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్లకి ఉచితం. మా రోజుల్లో ఒక్క పేపర్ జిరాక్స్ కోసం బెంగళూరుకి ఉత్తరం రాసి నెల్లాళ్లు పోస్ట్‌మ్యాన్ కోసం చూసేవాళ్లం. గవర్నమెంట్ కాలేజీ కాకపోతే ఆర్కైవ్ ఉంది, 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టాడు, ఫిజిక్స్ మ్యాథ్స్ పేపర్లు ఎవరైనా ఫ్రీగా చదువుకోవచ్చు.

మేడమ్ నేను పదో తరగతి. మా లెక్కల సారు మ్యాథ్స్‌లో కనిపెట్టాల్సినవన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు అన్నారు. మరి మ్యాథ్స్ ప్రొఫెసర్లు ఏం రీసెర్చ్ చేస్తారు? – పాలకొండ

నాన్నా, మీ సారుకి నా నమస్కారాలు చెప్పి ఈ పేజీ చూపించు, కోప్పడరులే.

3, 5. 11, 13. 17, 19. ఇవి రెండేసి తేడాతో ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు. ఇలాంటి జంటలు అంతులేకుండా వస్తూనే ఉంటాయా, ఎక్కడో ఆగిపోతాయా? నీకు అర్థమయ్యే ప్రశ్నే కదా, ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరికీ తెలీదు. 2013లో అమెరికాలో న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో యీటాంగ్ ఝాంగ్ అనే లెక్చరర్, యాభై ఏడేళ్లు దాటిన మనిషి, పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం దొరక్క కొన్నాళ్లు సబ్‌వే శాండ్‌విచ్ షాపులో కూడా పనిచేసిన మనిషి, తేడా 2 అని చెప్పలేను కానీ 7 కోట్లకి మించని తేడాతో ఉండే జంటలు అంతులేకుండా ఉన్నాయని రుజువు చేసి ఓ పెద్ద జర్నల్‌కి పంపాడు. ఏడు కోట్లా అని నవ్వకు, అంతకుముందు ఏ సంఖ్యా లేదు. ఆ జర్నల్ వాళ్లు మామూలుగా ఏళ్లు తీసుకునేవాళ్లు, ఇది ఐదు వారాల్లో ఒప్పేసుకున్నారు. తర్వాత జేమ్స్ మేనార్డ్, టెరెన్స్ టావ్, ఇంకా బోలెడుమంది కలిసి 2014కల్లా ఆ 7 కోట్లని 246కి దించారు. 246 నుంచి 2కి దిగేది ఎవరో నీ వంతు కూడా ఉంది.

మన దేశంలోది కావాలా? ఒక పెద్ద సంఖ్య ఇస్తే అది ప్రధాన సంఖ్యా కాదా అని కంప్యూటర్‌తో త్వరగా, తప్పులేకుండా, రుజువుకాని ఏ ఊహ మీదా ఆధారపడకుండా చెప్పగలిగే పద్ధతి ఉందా అన్న పాత ప్రశ్నకి 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తిచేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఉందని చూపించారు. బీటెక్ పిల్లలు నాన్నా.

మన వైజాగ్‌ది ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డప్పు కొడితే శబ్దం వస్తుంది కదా, పెద్ద డప్పుది బొంగురు, చిన్నదానిది కీచు. శబ్దం విని డప్పు సైజు ఊహించొచ్చు, మరి ఆకారం ఊహించగలమా, గుండ్రమా, చతురస్రమా? సి.వి. రామన్ గారు మన మృదంగం, తబలా ఎందుకంత శ్రావ్యంగా మోగుతాయో లెక్కకట్టి పేపర్లు రాశారు, అదొక దారి. ఇంకో దారి పట్టింది మీనాక్షిసుందరం గారు. పుట్టింది త్రిస్సూర్, చదివింది మద్రాసు, పనిచేసింది వాల్తేరులో మన ఆంధ్రా యూనివర్సిటీ. 1946లో ప్రిన్స్‌టన్ వెళ్లినప్పుడు అక్కడ స్వీడన్ గణితజ్ఞుడు ప్లెయెల్ కలిశారు, ఇద్దరూ కలిసి 1949లో కెనడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్ మొట్టమొదటి వాల్యూమ్‌లో ఒక పేపర్ వేశారు. చదునైన డప్పొక్కటే కాదు, వంపులు తిరిగిన ఎలాంటి ఉపరితలమైనా, దాని కంపనాల లెక్కలోంచి దాని సైజు లాంటి సంగతులు ఎలా బయటికి లాగొచ్చో చూపించే పేపర్. మీనాక్షిసుందరం–ప్లెయెల్ పేరు ఈరోజుకీ జామెట్రీ వాళ్ల నోట్లో నానుతూనే ఉంది. చివరికి డప్పు ఆకారం సంగతి 1992లో తేలింది, గార్డన్, వెబ్, వోల్పర్ట్ అనే ముగ్గురు రెండు వేరు వేరు ఆకారాలు గీసి, ఈ రెండూ అచ్చం ఒకేలా మోగుతాయి అని రుజువు చేశారు. అంటే ఒట్టి చెవితో విని ఆకారం కచ్చితంగా చెప్పలేం.

వైజాగ్‌లో చదువుకునే పిల్లలకే ఈ పేరు తెలీదు, బీచ్ రోడ్‌లో ఇన్ని విగ్రహాలున్నాయి కదా అనిపిస్తుంది అటువైపు వెళ్లినప్పుడల్లా.

నాకు 41 ఏళ్లు, ప్రైవేట్ జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తున్నాను. ఇప్పుడు పీహెచ్‌డీ చేయొచ్చా, ఫెలోషిప్ వస్తుందా? – నెల్లూరు

పీహెచ్‌డీకి వయసు అడ్డు లేదండి. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి ఉంది, 30, ఆడవాళ్లకీ రిజర్వేషన్ ఉన్నవాళ్లకీ ఇంకో ఐదేళ్లు, కాబట్టి ఆ నెలకి 37 వేలు మీకు రావు. ఉద్యోగం మానకుండా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసే వీలు కొత్త రూల్స్‌లో ఉంది, కాలేజీ నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలి. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లలోపు. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకసారికి 8 మందికి మించి ఉండకూడదు, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4, అందుకని సీటుందో లేదో గైడ్‌ని ముందే కలిసి కనుక్కోండి. ఇంకో మాట, గైడ్ గురించి గైడ్‌ని అడక్కండి, ఆయన దగ్గర ఐదో ఏడు చదువుతున్న పిల్లని పట్టుకుని టీ ఇప్పించండి, అన్నీ చెప్తుంది.

మేడమ్ గారూ, మా నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. జియాలజీ ప్రొఫెసర్‌గా చేశారు. అటక సర్దుతుంటే 1971 నాటి ఆయన థీసిస్ దొరికింది, సింహాచలం కొండల రాళ్ల మీద. టైపు చేసినది, మధ్యలో చేత్తో రంగులేసిన మడత మ్యాపులున్నాయి. పాత పేపర్లవాడికి వెయ్యబుద్ధి కాలేదు. దీనివల్ల ఇప్పుడెవరికైనా ఉపయోగం ఉంటుందా? – విశాఖపట్నం

అయ్యో, వెయ్యకండి. ఆ కొండల రాయి పేరు ఖోండలైట్, తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరుమీద పెట్టారు, కోణార్క గుడి కట్టింది కూడా చాలావరకు ఆ జాతి రాయితోనే. యాభై ఏళ్ల కిందట మీ నాన్నగారు నడిచి మ్యాప్ గీసిన చోట్లలో ఇప్పుడు ఎన్ని లేఅవుట్లు, ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మీకు తెలుసు, కింద రాయి ఎలా ఉందో చూద్దామన్నా కనపడదు. అప్పుడాయన ఎక్కడ శాంపిల్ కొట్టారో, పొరలు ఎటు వాలి ఉన్నాయో రాసింది ఇప్పుడు పనిచేసేవాళ్లకి మళ్లీ దొరకని సరుకు.

ముందు ఆయనకి డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి థీసిస్ సెక్షన్‌లో కాపీ ఉందేమో చూడమనండి, ఉన్నా మ్యాపులు ఊడిపోయి ఉండొచ్చు, అదీ చూడండి. శోధగంగ అని దేశం మొత్తం థీసిస్‌లు ఉంచే సైట్ ఉంది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లది, అందులో పాతవి కూడా ఎక్కిస్తున్నారు కానీ యూనివర్సిటీ ద్వారానే వెళ్లాలి, మీరు విడిగా పెట్టలేరు. లైబ్రేరియన్‌కి ఒక ఉత్తరం రాసి కాపీ పెట్టుకోండి. డిపార్ట్‌మెంట్‌లో కూడా ఒకసారి కనపడండి, నాన్నగారి స్టూడెంట్లు ఎవరో ఒకరు ఇంకా అక్కడే ఉండి ఉంటారు.

స్కాన్ చేయించేటప్పుడు వీధి చివర జిరాక్స్ షాపులో ఇవ్వకండి, బైండింగ్ విప్పేస్తారు. మ్యాపులు మడత విప్పి, పెద్ద సైజు ఫ్లాట్ స్కానర్ ఉన్నచోట, రంగుల్లోనే తీయించండి, బ్లాక్ అండ్ వైట్‌లో ఏ రంగు ఏ రాయో పోతుంది. వెనకవైపు పెన్సిల్‌తో ఏమన్నా రాసి ఉంటే అది కూడా తీయించండి, మా జియాలజీ వాళ్లకి అసలు సంగతులన్నీ వెనకాలే రాసుకునే అలవాటు.